బోర్డో నుంచి సేత్ దాకా కాలువ గట్టు మీద సైకిల్: తారు ఎక్కడిదాకా, చెట్ల వేళ్ళు ఎక్కడ్నుంచి

ఫ్రాన్స్‌లో కాలువల వెంట సైకిల్ యాత్ర అనగానే ఎక్కువమంది కెనాల్ ద్యు మిది పేరే చెబుతారు. ఫొటోలు చూసి సన్న టైర్ల సైకిల్‌తో వచ్చినవాళ్ళు కార్కసోన్ దాటాక దాన్ని నడిపించుకుంటూ పోవడం అక్కడ మామూలుగా కనబడే దృశ్యం. అట్లాంటిక్ వైపున్న బోర్డో నుంచి మధ్యధరా తీరాన ఉన్న సేత్ దాకా సాగే ఈ దారికి పేరు ఒకటే ఉన్నా, తొక్కేవాళ్ళకు మాత్రం ఇది రెండు దారులు. తులూజ్‌కు పడమర గారోన్ నది పక్క కాలువ, తూర్పున మిది. తొక్కడానికి మొదటిది మేలు, చూడడానికి రెండోది. రెండూ కలిపి వెళ్ళేవాళ్ళు సైకిల్‌ని రెండోదాన్ని దృష్టిలో పెట్టుకునే సిద్ధం చేసుకోవాలి.

బోర్డో నుంచి బయల్దేరితే మొదట కాలువే ఉండదు. పాత రైలు మార్గాన్ని సైకిల్ బాటగా మార్చిన రోజే లాపెబీ దారి మీద సొవ్‌తేర్ ద గుయెన్ దాకా 50 కి.మీ. పైచిలుకు ద్రాక్షతోటల మధ్య వెళ్ళాలి. అక్కణ్ణుంచి కాలువ చేరేదాకా మామూలు రోడ్డే. సుమారు 15 కి.మీ., ఎత్తుపల్లాలు. సామానుతో ఉన్నవాళ్ళకు మొత్తం యాత్రలో నిజంగా కాళ్ళు నొప్పి పుట్టేది ఈ ముక్కలోనే. దీన్ని మధ్యాహ్నం ఎండకు వదిలేయకుండా పొద్దున్నే దాటేయడం మంచిది.

గారోన్ పక్క కాలువ 193 కి.మీ., 53 లాకులు (పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల మడుగులు), 1856లో పూర్తయింది. గట్టు మీద దాదాపు అంతటా తారు ఉంటుంది, వాహనాలు రావు. సామాను కట్టిన సైకిల్ మీద గంటకు 16 నుంచి 18 కి.మీ. సునాయాసంగా నడుస్తుంది, రోజుకు 70 కి.మీ. పెట్టుకోవచ్చు. లాకు దగ్గర తప్ప ఎక్కుడు లేదు. ఆజాన్ దగ్గర కాలువ 539 మీటర్ల రాతి అక్విడక్టు మీద, 23 కమానుల పైన, గారోన్ నదిని దాటుతుంది. అంచునున్న బాట మీద సైకిల్‌తో దాటుతుంటే కింద నది, పక్కన పడవ. మోంతెష్ దగ్గర అయిదు లాకులకు బదులుగా 1974లో కట్టిన నీటి వాలు ఉంది. రెండు ఇంజన్లు కలిసి ఒక నీటి మడుగును పడవతో సహా వాలు మీదకు నెట్టేవి. ఇప్పుడది పనిచేయదు, చూడ్డానికి ఉంచారు. ఆగి ఒక అరగంట చూడదగ్గ యంత్రం. మొవాసాక్‌లో మఠం లోపలి స్తంభాల ముంగిలికి కనీసం ఒక గంట పెట్టుకోండి.

ఈ భాగంలో లోటు ఒక్కటే, గట్టు మరీ తిన్నగా ఉంటుంది. గంటల తరబడి ఒకే దృశ్యం. తారు కింద చెట్ల వేళ్ళు లేచినచోట అడ్డంగా గట్లు కట్టి ఉంటాయి. నీడలో అవి కనబడవు, చేతులు సడలించి తొక్కితే హ్యాండిల్ జారుతుంది. శరదృతువులో తడిసిన ఆకుల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

తులూజ్ ఊళ్ళో కాలువ వెంట కూడళ్ళు, రద్దీ ఎక్కువ. అది దాటితే ఆవిన్యొనే లొరాగే దాకా దాదాపు 50 కి.మీ. మళ్ళీ మంచి తారు. తర్వాత నొరూజ్. 189 మీటర్ల ఎత్తున్న ఈ చోటే కాలువకు శిఖరం. నల్లకొండల వాగుల నీళ్ళను ఇక్కడికి తెచ్చి రెండు వైపులకూ పంచాడు పియేర్ పోల్ రికే. 1666లో మొదలైన పని 1681లో ముగిసేనాటికి ఆయన లేడు, 1680లోనే పోయాడు. నీళ్ళు చీలే ఆ చోటుకు గట్టు దిగి కాస్త నడవాలి. నీళ్ళు అటూ ఇటూ ఎలా వెళ్తాయో అక్కడ చూస్తేనే ఈ కాలువ ఎలా పనిచేస్తుందో తలకెక్కుతుంది.

అసలు పరీక్ష నొరూజ్ తర్వాతే. గోదావరి డెల్టా గట్ల మీద పడవలను తాడు పట్టి లాగినట్టే ఇక్కడ గుర్రాలు లాగేవి. ఆ గుర్రాల బాటే ఇప్పటి సైకిల్ దారి. కాస్తెల్నోదరి, కార్కసోన్ మధ్య కంకర, మట్టి. పొడిగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. ఒక రాత్రి వాన పడితే బంకమట్టి టైరుకు పట్టి మడ్‌గార్డు కింద గడ్డకడుతుంది, చక్రం తిరగదు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కనీసం 15 మి.మీ. ఖాళీ ఉండాలి. అంత లేకపోతే వాన రోజుల్లో ముందు మడ్‌గార్డు విప్పేయడమే నయం. లేదా ఆ రోజుకు పక్కనున్న చిన్న రోడ్లు పట్టుకోవాలి.

త్రెబ్ నుంచి బెజియే దాకా అక్కడక్కడా బాట ఒక చక్రం పట్టేంత సన్నగా ఉంటుంది, అడ్డంగా ప్లేన్ చెట్ల వేళ్ళు తేలి ఉంటాయి. గట్టు కొట్టుకుపోకుండా, నీడకోసం నాటిన చెట్లవి. వేళ్ళు నీటి వైపుకు పాకుతాయి, నీటికీ చెట్టుకూ మధ్యే సైకిల్ బాట ఉంది. అందుకే ఎంత కంకర పోసినా అవి మళ్ళీ తేలతాయి. ఇక్కడ గంటకు 10, 12 కి.మీ. లెక్క వేసుకోండి. రోజుకు 45 కి.మీ. మించి బస పెట్టుకుంటే చీకటి పడుతుంది.

నీడ విషయం కూడా పాత ఫొటోలను నమ్మి లెక్కవేయొద్దు. ఈ గట్ల మీద సుమారు 42,000 ప్లేన్ చెట్లుండేవి. 2006లో ఇక్కడ శిలీంధ్ర తెగులు బయటపడింది. దానికి మందు లేదు. సోకినవాటినీ వాటి పక్కవాటినీ కొట్టి కాల్చేస్తున్నారు, బదులు వేరువేరు జాతుల మొక్కలు నాటుతున్నారు. అవి నీడనిచ్చే వయసుకు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. జులై, ఆగస్టుల్లో ఈ బోడి గట్ల మీద మధ్యాహ్నం తొక్కడం ప్రమాదమే. మే, జూన్, సెప్టెంబరు మంచి కాలం.

ఆర్జాన్ లాకు నుంచి బెజియే దగ్గరి ఫోన్సెరాన్ దాకా 54 కి.మీ. మేర ఒక్క లాకూ లేదు. ఒకే మట్టం తప్పకుండా తవ్వారు కాబట్టి కాలువ కొండల అంచులు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. మ్యాపు మీద దగ్గరగా కనబడే ఊరు గట్టు వెంట చాలా దూరం. దీనివల్ల వచ్చే ఇంకో ఇబ్బంది ముందే తెలియాలి: లాకు లేదంటే లాకు కాపలా ఇల్లు లేదు, అంటే కుళాయి అడగడానికి మనిషి లేడు. మూడు లీటర్లు నింపుకునే ఈ ముక్కలోకి దిగాలి. దారిలో ల సొమాయ్, కాపెస్తాన్ ఊళ్ళున్నాయి. చాలా పల్లెల్లో శ్మశానం గేటు దగ్గర కుళాయి ఉంటుంది, "నాన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. కాలువ నీళ్ళు మరిగించి కూడా వాడొద్దు, పడవల మురుగు అందులో కలుస్తుంది.

ఇక సైకిల్ సంగతి. టైరు 40 మి.మీ. వెడల్పు ఉండాలి, 35కు తగ్గితే చెట్ల వేళ్ళ మీద మణికట్లు తట్టుకోవు. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలుంటే తారు మీద వెనక 3.5 బార్, ముందు 3. వేళ్ళ భాగంలో రెంటిలోనూ 0.5 తగ్గించాలి. అంతకంటే తగ్గిస్తే రిమ్ముకూ వేరుకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి. బెజియే తర్వాత ఇసుక నేలల్లో పంక్చరంటే చాలాసార్లు పల్లేరుకాయే, మన పొలం గట్ల మీద ఉండే మొక్కే. ముల్లు పీకగానే గాలి పోతుంది కాబట్టి నీడ చూసుకుని పీకండి. పంక్చర్ వేశాక టైరు లోపలంతా వేలితో తడిమి చూడాలి, రెండో ముల్లు తప్పక ఉంటుంది.

వేళ్ళ మీద గంటల తరబడి అదిరితే క్యారియర్ బోల్టులు వదులవుతాయి. ముఖ్యంగా వెనక చక్రం ఇరుసు దగ్గర ఫ్రేముకు బిగించే రెండూ. సాయంత్రం గుడారం వేయకముందే నాలుగు బోల్టులూ 4 మి.మీ. ఎలెన్ కీతో తిప్పి చూడండి. ఒకటి రాలిపోతే క్యారియర్ బరువంతా రెండోదాని మీద పడి అది విరుగుతుంది, విరిగిన ముక్క ఫ్రేములోనే ఉండిపోతుంది. ఎం5 బోల్టులు నాలుగు, నట్లు, ప్లాస్టిక్ టైలు ఒక పది, వెనక చక్రానికి సరిపోయే స్పోకులు రెండు సంచిలో ఉండాలి. చాలా పల్లెల్లో సైకిల్ షాపు ఉండదు.

పాత రాతి వంతెనల కింద బాట సన్నం, నీటి వైపు వాలు, రాయి నున్నగా అరిగి ఉంటుంది. ఎదురుగా ఎవరొస్తున్నారో కనబడదు. గంట కొట్టి, దిగి నడిపించడమే సరి. అద్దె పడవలవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ మేకులు దిగ్గొట్టి పడవ కట్టేస్తారు, ఆ తాడు కొన్నిసార్లు బాటకు అడ్డంగా మోకాలెత్తులో ఉంటుంది. కార్లు రాకుండా పెట్టిన ఇనుప అడ్డుకట్టుల్లో వెడల్పు సంచులు ఇరుక్కుంటాయి, వెనక బండి తగిలించుకున్నవాళ్ళు విప్పి ఎత్తుకోవాల్సిందే.

దిశ గాలిని బట్టి ఎంచుకోవాలి. కార్కసోన్ వైపు తరచుగా వీచే సేర్ గాలి పడమటి నుంచి వస్తుంది, సేత్ వైపు వెళ్ళేవాళ్ళను నెడుతుంది. ఆగ్నేయం నుంచి వచ్చే ఓతాన్ గాలి లేస్తే తులూజ్, నొరూజ్ మధ్య ఎదురు తప్పదు. మొత్తం మీద పడమర నుంచి తూర్పుకు వెళ్ళడమే లాభం.

తిండి: మధ్యాహ్నం 12 దాటితే పల్లె దుకాణాలు మూస్తారు, 2 లేదా 3 దాకా తెరవరు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం మరీ కష్టం, శనివారమే రెండు రోజుల సరుకు కొనాలి. కాస్తెల్నోదరిలో పేరుమోసిన బీన్స్ వంటకం కసూలే. దాన్ని బాతు, పంది మాంసంతో చేస్తారు. శాకాహారులకు సూపర్ మార్కెట్ దారే సులువు: డబ్బా శనగలు, ఉడికిన పప్పు, రెండు నిమిషాల్లో వేడెక్కే అన్నం, "నాత్యూర్" అని రాసిన చక్కెర లేని పెరుగు. కారప్పొడి, ఊరగాయ ఇంటినుంచి తెచ్చుకోండి. స్టవ్వుకు గ్యాస్ విమానంలో తేకూడదు. ఇక్కడి సూపర్ మార్కెట్లలో ఎక్కువగా దొరికేది క్లిక్ రకం సీసా, మరతో బిగించేది పెద్ద ఊళ్ళ క్రీడా సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. రెంటికీ కలిపే అడాప్టరు చిన్నది, తీసుకెళ్ళడం మేలు. బసలకు "అకేయ్ వెలో" (Accueil Vélo, సైకిల్ యాత్రికులకు స్వాగతం) గుర్తు చూడండి. ఆ గుర్తున్నవి దారికి 5 కి.మీ. లోపలే ఉంటాయి, సైకిల్‌కి తాళం వేసే చోటు, మరమ్మతు సామాన్లు ఉంటాయి.

బెజియేలో ఫోన్సెరాన్ మెట్ల లాకులు పైనుంచి కిందకు దిగుతూ చూడాలి, పడవలు ఎక్కే వేళకు గంటైనా ఆగొచ్చు. ఆగ్ద్ దాటాక కాలువ "తో" (Thau) అనే సరస్సులో కలిసిపోతుంది. ఆ తర్వాత మర్సెయాన్ ప్లాజ్ నుంచి సేత్ దాకా సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక నేల మీద నున్నటి బాట. నీడ లేదు, పక్కగాలి తీవ్రం, ముందు సంచుల్లో బరువు తగ్గించి వెనక్కి మార్చుకుంటే హ్యాండిల్ కాస్త నిలకడగా ఉంటుంది.

రైలు మార్గం ఈ కాలువకు చాలావరకు సమాంతరంగా పోతుంది: బోర్డో, ఆజాన్, తులూజ్, కార్కసోన్, బెజియే, ఆగ్ద్, సేత్ అన్నిటికీ స్టేషన్లున్నాయి. సైకిల్ పాడైనా, ఒళ్ళు బాగోకపోయినా అక్కడిదాకా చేరితే చాలు. ప్రాంతీయ రైళ్ళలో సైకిల్‌ని కొక్కేనికి నిలువుగా వేలాడదీయాలి, సంచులు ముందే విప్పి ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా పెట్టుకోండి. దూరపు రైళ్ళలో చోటు ముందే బుక్ చేసుకోవాలి. సైకిల్ చోటు లేని హైస్పీడ్ రైలైతే చక్రాలు విప్పి 130 సెం.మీ. పొడవు, 90 సెం.మీ. వెడల్పు మించని సంచిలో పెట్టాలి, ఆ సంచి బోర్డోలోనే కొనుక్కుని అడుగున మడిచి పెట్టుకోవడం మంచిది.