చెరువు చుట్టూ నడక దారి: మట్టి పోసి ఎత్తాలా, మొరం పరచాలా, స్తంభాల మీద వేయాలా?

మా పాలమూరు వైపు ఏ టౌన్‌లో చెరువు చుట్టూ వాకింగ్ దారి మాట వచ్చినా మొదటి గొడవ టైల్సా, సిమెంటా అనే. నన్నడిగితే అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. వానాకాలంలో ఆ జాగాలో నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయి, ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి అన్నది ముందు తెలియాలి.

కట్ట మీద దారి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 2015లో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయలో నియోజకవర్గానికో చెరువును మినీ ట్యాంక్‌బండ్ చేయాలని అనుకున్నప్పటి నుంచి అందరం చూస్తున్నదే. సూర్యాపేట సద్దల చెరువు అలాంటిదే. కట్ట ఎలాగూ ఉంది, నిండు మట్టం కంటే ఎత్తులో ఉంది. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా చేరేది అక్కడికే, సరిగ్గా చెరువు నిండుగా ఉండే రోజుల్లోనే. కాబట్టి మెట్లు, గట్టి రెయిలింగు, లైట్లు పెట్టాలంటే కట్ట మీదే పెట్టాలి. ముసలివాళ్లకు, చక్రాల కుర్చీ వాళ్లకు కూడా అదే నయం. చిక్కల్లా నీడతోనే. కట్ట మీద పెద్ద చెట్లు పెంచకూడదు. చెట్టు చచ్చాక వేర్లు కుళ్లి లోపల సందులు పడితే నీళ్లు అందులోంచి ఊరడం మొదలవుతుంది, గండికి అదే మొదలు. గడ్డి తప్ప వేరే పచ్చదనం అక్కడ కుదరదు. మే నెలలో పొద్దున ఎనిమిదింటికి కట్ట మీద నడిచి చూడండి, తెలుస్తుంది.

అసలు పంచాయితీ అటు పక్క, శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లు పరుచుకునే నేలలో. కట్ట ఒక వైపే ఉంటుంది. చుట్టు తిరిగి రావాలంటే దారి శిఖంలో దిగక తప్పదు. అక్కడ ఎక్కువమంది చెప్పే ఉపాయం, మీటరు ఎత్తు మట్టి పోసి పైన సిమెంటు వేయడం. నాకు ఎంతకూ మింగుడుపడనిది ఇదే. లెక్క చూడండి. పైన 4 మీటర్ల వెడల్పు, అడుగున 8 మీటర్లు, పొడవు 500 మీటర్లు అనుకుంటే 3,000 క్యూబిక్ మీటర్ల మట్టి. అంటే 30 లక్షల లీటర్ల నీళ్లు నిలిచే చోటు పోయినట్టు. అదైనా సర్దుకోవచ్చు గానీ, పైనుంచి వచ్చే వాగుకు ఆ దారి అడ్డుకట్ట అవుతుంది. కింద గూనపైపులు వేస్తామంటారు. మొదటి పెద్ద వానకే గుర్రపు డెక్క, ప్లాస్టిక్ కవర్లు వాటి నోట్లో ఇరుక్కుంటాయి. దారి తడవదు, దాని వెనకాల కాలనీలో మోకాలు లోతు నీళ్లు నిలుస్తాయి. ఇంకో భయం కూడా ఉంది. దారికి అవతల మిగిలిపోయిన శిఖాన్ని చెరువు అని ఎవరూ అనుకోరు, నెమ్మదిగా అక్కడ హద్దురాళ్లు లేస్తాయి.

రూల్స్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పుగా వల్లించేవాళ్లు ఎక్కువ. 2012 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు మట్టం గీత) నుంచి 30 మీటర్ల లోపు కట్టడాలు కుదరవు, ఆ పట్టీని పచ్చగా ఉంచాలి. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో 50 మీటర్ల మాట ఉంది కానీ, సాగునీటికి, తాగునీటికి మనుషులు కట్టుకున్న చెరువులను అందులోంచి తప్పించారు. మన చెరువుల్లో చాలావరకు ఆ కోవలోవే. ఆ చట్టం కాపాడుతుందిలే అని కూర్చుంటే కుదరదు.

నా ఓటు నేలమట్టానికి పరిచిన మొరం దారికి. ఏటా కొన్ని రోజులు మునుగుతుంది, మునగనివ్వాలి. పైమట్టి తీసి, ఎంత లోతు తీశామో అంతే మొరం పోసి, అరడుగు పొరలుగా తడిపి రోలర్ తిప్పాలి. మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తు, అంచు రాళ్లు నేలతో సమానంగా. అంచు పైకి లేచిందంటే నీళ్లు దాని వెంట కాలువలా పారి దారినే కోసేస్తాయి. ఇంటర్‌లాక్ ఇటుకలు చూడ్డానికి బాగుంటాయి, కానీ పారే నీళ్లు కింది ఇసుకను లాగేస్తాయి. మా బంధువుల ఊళ్లో ఒక్క వానాకాలానికే అవి దవడ పళ్లలా ఊగడం చూశాను. రేగడిలో సిమెంటు పలకలదీ అదే గతి, నేల ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దేశమంతా డ్యాములకు, కాల్వలకు మట్టి మోసిన పాలమూరు కూలీల ఊళ్లలో మొరం ఎలా కుదించాలో చెప్పేవాళ్లకు కొదవా?

మొరానికి ఉన్న జబ్బు వేరు. ఏటా నీళ్లు తీశాక నాలుగు ట్రాక్టర్ల మొరం వేసి గుంతలు పూడ్చాలి. ఒక్కసారి పెద్ద టెండరు పిలవడం అందరికీ ఇష్టమే, ఏటేటా ఈ చిన్న పని మాత్రం ఎవరి నెత్తినా ఉండదు. ఆ పని ఎవరిదో రాతపూర్వకంగా తేలకపోతే మొరం దారి మూడో ఏడు సర్కారు తుమ్మల పాలే.

స్తంభాల మీద నడక వంతెన? ఫొటోలకు దాన్ని మించింది లేదు. కింద నుంచి నీళ్లు పోతాయి, జమ్ము పెరుగుతుంది, నీటికోళ్లు తిరుగుతాయి. కానీ ఖర్చు మొరానికి చాలా రెట్లు. చెక్క అయితే నీటి మట్టం దగ్గర, తడిసి ఆరే చోట ముందు కుళ్లుతుంది. ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టేదాకా అక్కడే ఉంటే. అడుగు దూలం వరద మట్టానికి పైన లేకపోతే కొట్టుకొచ్చిన కొమ్మలు పట్టుకుని అదీ అడ్డుకట్టే అవుతుంది. అందుకే వాగు కలిసే చోట, ఎప్పుడూ తడారని జమ్ము దగ్గర ఓ యాభై అరవై మీటర్లు వేస్తే చాలు.

ఇదంతా వాన నీళ్లతో నిండే గొలుసుకట్టు చెరువులకు. నల్గొండ పానగల్లు ఉదయ సముద్రం లెక్క వేరు. 1.5 టీఎంసీల ఆ జలాశయంలోకి సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు వస్తాయి. వానతో పని లేకుండా ఎండాకాలంలోనూ నింపొచ్చు కాబట్టి మునిగి తేలే దారి అక్కడ నెలల తరబడి నీళ్లలోనే ఉండొచ్చు. అక్కడ నిండు మట్టానికి పైనే నడవాలి, పైగా తాగే నీళ్లు. నది ఒడ్డయితే ఇంకో కథ. 2009 అక్టోబరులో తుంగభద్ర అలంపురాన్ని ముంచిన తీరు చూసినవాళ్లు ఒడ్డున బెంచీ కూడా పాతరు.

బర్రెలు దిగే రేవు, రజకుల బండలు, వలలు ఆరేసే చోటు ఏ డ్రాయింగులోనూ కనిపించవు. దారి వాటి పక్క నుంచి వంగి పోవాలి. కంచె వేస్తే ఆర్నెల్లలో తెగుతుంది, తెగడం న్యాయమే.

మీ ఊళ్లోనూ ఈ మాట నడుస్తుంటే ఈసారి అలుగు పారిన రోజు ఒక సున్నం బకెట్ పట్టుకుని శిఖం అంచున తిరగండి. నీళ్లు ఆగిన చోట తుమ్మ చెట్ల మొదళ్లకు గీత పెట్టండి. చెరువు తూము, నీళ్లు చూసుకునే నీరటి కాకాను కూడా తీసుకెళ్లండి, పాత వరద గీత ఆయనకు తెలిసి ఉంటుంది. ఇంజనీరు మ్యాప్ పరిచినప్పుడు ఆ రెండు గీతలు చూపించి, దారి ఎక్కడో అప్పుడు అడగండి.