మారిషస్ ప్యాకేజీలో ఆప్రవాసీ ఘాట్: షాపింగ్ మానుకునైనా చూడండి

శ్రీకాకుళం, విజయనగరం నుంచి మారిషస్ వెళ్లేవాళ్లకి ప్యాకేజీల్లో రాజధాని పోర్ట్ లూయిస్ అంటే కాడన్ వాటర్‌ఫ్రంట్‌లో షాపింగే. ఒప్పంద కూలీలని ఓడ దిగగానే ఉంచిన పాత డిపో ఆప్రవాసీ ఘాట్ అక్కణ్ణించి నడిచివెళ్లేంత దూరం. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది ఒప్పంద కూలీలు మారిషస్‌లో దిగారు. వాళ్లలో మనవైపు వాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే అక్కడ ఇప్పటికీ సింహాద్రి అప్పన్న గుళ్లున్నాయి, అమ్మోరి పండగ చేస్తారు.

ఘాట్‌కి టికెట్ లేదు. ఆదివారం, ఉగాది రోజు మాత్రం పెట్టుకోవద్దు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. నేరుగా శిథిలాల్లోకి వెళ్తే మొండిగోడలు తప్ప ఏమీ అర్థం కాదు, ఎందుకంటే 1860ల నాటి డిపోలో చాలావరకు పోయింది. ముందు పక్కనున్న మ్యూజియం చూసి, గైడుని అడిగి లోపలికెళ్లండి. ఆసుపత్రి గదులు, వంటశాల, మరుగుదొడ్ల ఆనవాళ్లు చూశాక 16 రాతిమెట్ల దగ్గర కాసేపు ఆగండి. ఓడ దిగినవాళ్లు ఈ మెట్లెక్కి, డిపోలో ఒకట్రెండు రోజులుండి చెరకు తోటలకి వెళ్లిపోయేవారు. మొదట్లో ఒప్పందం అయిదేళ్లు, మగవాళ్లకి జీతం నెలకి 5 రూపాయలు. ఒకరోజు పని మానితే రెండురోజుల కూలి కోత.

ఘాట్ ఒక్కటే చూస్తే కథ సగమే. 1835లో బానిసత్వం రద్దవుతుందని ముందే తెలిసింది కాబట్టే తోటల యజమానులకి కూలీలు కావలసివచ్చారు. అందుకని ముందు దగ్గర్లోనే పాత మిలిటరీ ఆసుపత్రిలో ఉన్న బానిసత్వ మ్యూజియం, తర్వాత ఘాట్. రెంటికీ ఒక పూట చాలు.

తోట దొరల బంగళాల టూర్లని మేం సిఫారసు చెయ్యం. చాలాచోట్ల వరండా, ఫర్నిచర్, రమ్ము రుచి చూపిస్తారు. చెరకు నరికినవాళ్ల ఊసు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వెళ్తే మాత్రం కూలీల లైన్లు, అంటే వాళ్లుండే ఇళ్ల వరసలు, ఎక్కడుండేవని గైడుని అడగండి. తడుముకుంటే ఆ టూరు ఎవరి కోసమో తెలిసిపోతుంది.

పూర్వీకుల జాడ కావలసినవాళ్లు మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి ముందే రాయండి. కూలీల రిజిస్టర్లు అక్కడున్నాయి. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలని వెతకొద్దు. ఇవి 1950లో, 1979లో ఏర్పడ్డాయి. అప్పటి జిల్లాల పేర్లు గంజాం, వైజాగపటం అని చూడాలి. ఊరిపేర్లు గుమాస్తాలు విన్నట్టు రాసుకున్నవి, అందుకని మీ ఊరికి నాలుగైదు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులు రాసి పట్టుకెళ్లండి.