వరల్డ్‌ఫెంగుర్: పుస్తకానికి తొమ్మిది మార్కులు, పెత్తనానికి ఆరు

ఐస్‌లాండ్ జాతి గుర్రాల వంశావళి రిజిస్టరు వరల్డ్‌ఫెంగుర్‌ను ఏళ్ల తరబడి వాడాక మా లెక్క ఇదీ: రిజిస్టరుకు పదికి తొమ్మిది, దాని చుట్టూ ఉన్న సంఘాల పని తీరుకు ఆరు. జర్మనీలోనో డెన్మార్క్‌లోనో ఉంటూ, పిల్లల రైడింగ్ స్కూల్ పుణ్యమా అని ఈ గుర్రాన్ని కొనే ఆలోచనలో పడ్డ తెలుగువాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం. (చూడ్డానికి పొట్టిదే. ఆ మాట దాని యజమాని ముందు మాత్రం అనకండి.)

ఈ జాతికి ఒకే పుస్తకం ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. ఐస్‌లాండ్‌లోకి గుర్రాల దిగుమతి నిషేధం. ఒకసారి దేశం దాటిన గుర్రం, ప్రపంచ పోటీల్లో గెలిచినా సరే, మళ్లీ అక్కడ అడుగుపెట్టకూడదు. వాడిన జీను, కళ్లెం కూడా తీసుకెళ్లనివ్వరు. అంటే బయటికి వెళ్లిన రక్తం తిరిగి రాదు, దాని వివరాలు మాత్రమే తిరిగొస్తాయి. ఆ వివరాలు దేశానికో పుస్తకంలో పడి ఉంటే పుట్టింటివాళ్లకు తమ స్టాలియన్ల (పెంపకానికి వాడే మగ గుర్రాల) పిల్లలు బయట ఎలా తేలారో తెలిసే దారే ఉండదు. అందుకే ఈ జాతి గుర్రాల దేశ సంఘాలు కలిసి 1969లో పెట్టుకున్న సమాఖ్య ఫైఫ్, ఐస్‌లాండ్ రైతుల సంఘం చేతులు కలిపి ఈ రిజిస్టరును ఇంటర్నెట్‌లోకి తెచ్చాయి. జాతి పుట్టిల్లుగా ఐస్‌లాండ్ బాధ్యతలేమిటో అక్కడి ప్రభుత్వ నిబంధనల్లో ఉంది.

ఇక వాడకం. ప్రతి గుర్రానికీ 12 అక్షరాల గుర్తింపు ఉంటుంది. పేరున్న స్టాలియన్ ఓర్రిది ఐఎస్1986186055. ఐఎస్ అంటే ఐస్‌లాండ్‌లో పుట్టింది, 1986 పుట్టిన ఏడాది, తరవాతి 1 మగ (ఆడదైతే 2), 86 ప్రాంతం, 055 వరస సంఖ్య. నాలుగు రోజులు వాడితే పేజీ తెరవకుండానే గుర్రం వయసు, పుట్టిల్లు నోటికొచ్చేస్తాయి. పేరు కూడా మన ఇంటిపేర్ల పద్ధతే: పెట్టిన పేరు, దాని పక్కన పుట్టిన పొలం లేదా ఊరు. ఒకే పేరుతో వందల గుర్రాలుంటాయి కాబట్టి పేరుతో వెతికి మొదటి దాన్ని నొక్కేయకండి. నంబరుతోనే వెతకండి.

నంబర్ల దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. గుర్రానికి మూడు నంబర్లుంటాయి: ఈ 12 అక్షరాలది, మెడలో పెట్టిన చిప్‌ది 15 అంకెలు, పాస్‌పోర్ట్ మీది యుఈఎల్ఎన్ (గుర్రానికి జీవితాంతం ఉండే నంబరు) అనేదీ 15 స్థానాలే. యుఈఎల్ఎన్‌లో మొదటి ఆరు దేశాన్నీ, డేటాబేస్‌నీ చెబుతాయి. చిప్‌లో మొదటి మూడు దేశం కోడ్ కావచ్చు, తయారీదారు కోడ్ కావచ్చు. పొడవు ఒకటే కావడంతో ఒకదాని గడిలో ఇంకొకటి రాసేస్తారు, ఫారం కిక్కురుమనకుండా తీసుకుంటుంది, గొడవ గుర్రాన్ని అమ్మేరోజు బయటపడుతుంది. చిప్ రీడర్ పెట్టి చదివిన నంబరునే రాయండి, కాగితం చూసి కాదు.

రంగు గడి ఇంకో ఉచ్చు. ఐస్‌లాండ్ భాషలో బ్రూన్ అంటే గోధుమ రంగు కాదు, నలుపు. రంగు కోడ్‌లు నాలుగంకెలవి: 1500 ఎరుపు, 2500 నలుపు, 3500 ఎరుపు ఒళ్లూ నల్ల జూలూ. ఈ కోడ్‌లతో ఒక ఉచిత పరీక్ష చేయొచ్చు. తల్లీ తండ్రీ ఇద్దరూ 1500 అయి పిల్ల 2500 అని ఉంటే, రంగైనా తప్పు, తండ్రైనా తప్పు. రెండు ఎర్రవాటికి నల్లపిల్ల పుట్టదు. అలాగే వయసుతో తెల్లబడే గుర్రానికి తల్లిదండ్రుల్లో ఒకరైనా అలాంటిదే ఉండాలి. కాకపోతే ఆ రకం పిల్ల పుట్టినప్పుడు ఎర్రగానో నల్లగానో ఉంటుంది, మొదటి వేసవిలో రాసిన రంగు అలాగే మిగిలిపోతుంది. తండ్రి మీద అనుమానపడే ముందు ఇప్పటి ఫొటో అడగండి.

మూల్యాంకన మైదానంలో గుర్రం నిర్మాణానికీ, స్వారీకీ ఇచ్చే మార్కులు 5.0 నుంచి 10 వరకు, అర మార్కు మెట్లతో. పేస్ అనే పరుగులో 5.0 కనిపిస్తే గుర్రం పనికిరాదని కాదు, ఆ పరుగు చూపలేదని అర్థం. పేస్ రాని, నాలుగు నడకల గుర్రాలన్నిటికీ అక్కడ 5.0 పడుతుంది. 2020కి ముందటి పాత లెక్కలో పేస్ వాటా మొత్తంలో 10 శాతం. పేస్‌లో 8.0 వచ్చిన గుర్రంతో పోలిస్తే 5.0 వచ్చింది ఆ ఒక్క గడిలోనే 0.30 వెనకబడుతుంది. పేస్ తీసేసి లెక్కేసిన మొత్తం విడిగా చూపిస్తారు. ఇంట్లోవాళ్లు ఎక్కడానికి గుర్రం కొనేవాళ్లు దాన్నే చూడాలి.

బ్లప్ అంటే జన్యు విలువ అంచనా. 100 సగటు, ప్రతి 10 ఒక ప్రామాణిక విచలనం. పక్కనున్న విశ్వసనీయత శాతం చూడకుండా ఆ అంకెను నమ్మకండి: మైదానంలోకే రాని మూడేళ్ల పిల్లకు 118 ఉందంటే అది అమ్మానాన్నల సగటే. రిజిస్టరులో మాకు బాగా నచ్చింది ఊహా సంకరం. ఆడగుర్రం నంబరు, స్టాలియన్ నంబరు ఇస్తే పుట్టబోయే పిల్ల అంచనా బ్లప్, రక్తసంబంధ శాతం వచ్చేస్తాయి. సవతి తోబుట్టువులను కలిపితే 12.5, మొదటి తరం కజిన్లయితే 6.25 అని గుర్తుంటే అంకె ఎక్కువో తక్కువో తెలుస్తుంది. కానీ వంశావళిలో ఖాళీలుంటే శాతం తక్కువగా కనిపిస్తుంది. సున్నా చూసి మురిసిపోయే ముందు ఎన్ని తరాలు నిండి ఉన్నాయో చూడండి.

ఇంత బాగున్నదానికి పది ఎందుకివ్వలేదంటే, రిజిస్టరు జనం చెప్పిందే చూపిస్తుంది. చచ్చిపోయిన గుర్రం సంగతి యజమాని తెలపకపోతే పేజీలో అది బతికే ఉంటుంది. ఆ లెక్కన అక్కడక్కడా 40 ఏళ్ల గుర్రాలు దర్జాగా తిరుగుతుంటాయి. అమ్మిన సంగతి చెప్పకపోతే పాత యజమాని పేరే ఉంటుంది. స్టాలియన్ యజమాని ఆ ఏడాది ఏయే ఆడగుర్రాలు వచ్చాయో నివేదిక ఇవ్వకపోతే పిల్ల నమోదు ఆగుతుంది, ఆపైన డీఎన్‌ఏ ఖర్చు ఆడగుర్రం యజమాని నెత్తిన పడుతుంది. ఆడగుర్రాన్ని స్టాలియన్‌తో కలిపే రోజే తేదీలు రాయించి సంతకం తీసుకోండి.

తప్పు కనిపెట్టినవాడి చేతిలో కలం ఉండకపోవడం ఇంకో సంగతి. మార్చేది ఆ దేశపు సంఘం రిజిస్ట్రార్. అది ఉండాల్సిన పద్ధతే, లేకపోతే ప్రతివాడూ తన స్టాలియన్ తాతను మార్చేస్తాడు. కానీ సంఘం ఏదైనా, దేశం ఏదైనా, దిద్దుబాటు అడిగినప్పుడు ఫిర్యాదు నంబరు, గడువు, తిరస్కరిస్తే రాతపూర్వక కారణం ఉండాలి. మా అనుభవంలో ఒక చోట (పేరెందుకు) ఈ మూడూ లేవు, తప్పు పుట్టినతేదీ రెండు పెంపకపు సీజన్లు అలాగే ఉంది. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవాళ్ల చేతిలో ఒక ఆయుధముంది. 2018 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న 2016/1012 నిబంధన ప్రకారం పెంపకందారుతో తగాదా వస్తే ఎలా తీర్చాలో జాతి సంఘం తన నియమావళిలో రాసుకోవాలి. ఆ పేజీ పంపమని అడగండి. ఆ ఒక్క మెయిల్‌తో కదిలిన ఫైళ్లు చూశాం.

ఫైఫ్‌లో సభ్యులు దేశాల సంఘాలే. పెంపకందారు తన క్లబ్బులో, క్లబ్బు దేశసంఘంలో, దేశసంఘం సమాఖ్యలో. పైన ప్రతినిధుల సభ తీర్మానించింది ఇన్ని మెట్లు దిగి పొలానికి చేరేసరికి కారణం రాలిపోయి, ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. 2020 మార్పు చూడండి. అంతకు ముందు శరీర నిర్మాణానికి 40, స్వారీ లక్షణాలకు 60 వాటా. 2020 నుంచి 35, 65. లోపలి లక్షణాల వాటాలూ మారాయి. వాటిని పక్కనపెట్టి, నిర్మాణం 8.30, స్వారీ 7.82 వచ్చిన గుర్రాన్ని తీసుకోండి. పాత లెక్కలో 3.32కు 4.692 కలిపితే 8.01. కొత్త లెక్కలో 2.905కు 5.083 కలిపితే 7.99. మొదటి బహుమతి గీత 8.00. గుర్రం అదే, కాళ్లు అవే, ధర మాత్రం మారిపోయింది. గుర్రం అంటేనే పరుగు కాబట్టి మార్పు సబబే అని మా అభిప్రాయం. కానీ నియమం మార్చిన రోజే ఇలాంటి రెండు ఉదాహరణలు వేసి, ఏ తేదీ నుంచి అమలో, పాత మార్కులతో పోల్చవచ్చో లేదో నేరుగా పెంపకందారు మెయిల్‌కు పంపడానికి ఏ సంఘానికైనా ఒక గుమాస్తా, ఒక సాయంత్రం చాలు.

చెప్పాల్సింది ఆలస్యంగా చెబితే ఏమవుతుందో అమెరికాలో క్వార్టర్ హార్స్ అనే జాతి సంఘం చరిత్రలో ఉంది. ఇంప్రెసివ్ అనే స్టాలియన్ సంతానంలో కండరాలు వణికి గుర్రం కూలబడే హెచ్‌వైపీపీ జబ్బుకు కారణమైన జన్యుదోషం 1992లో దొరికింది. ఆ వంశం పిల్లల సర్టిఫికెట్ల మీద హెచ్చరిక 1998లో పుట్టినవాటి నుంచి. తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషం వచ్చిన పిల్లలను నమోదు చేయకపోవడం 2007లో పుట్టినవాటి నుంచి. మధ్యలో 15 ఏళ్లు. ఆ వంశం పిల్లలు మైదానంలో గెలుస్తుంటే వాటిని ఆపమనే ఓటు ఎవరు వేస్తారు? ఐస్‌లాండ్ గుర్రాల్లో ఐదేళ్లు నిండిన స్టాలియన్‌ను మూల్యాంకనానికి తేవాలంటే కీళ్ల జబ్బు ముందే పట్టుబడేలా వెనకకాలి హాక్ కీలు ఎక్స్‌రే ఉండాలి, ఫలితం రిజిస్టరులోనే కనిపిస్తుంది. మా తొమ్మిది మార్కుల్లో రెండు దీనికే.

కొనేవాళ్లకు ఒక్క మాట. ప్రకటనలో రాసిన బ్లప్ ఏ ఏడాదిదో అడగండి. కొత్త మార్కులు చేరి మళ్లీ లెక్క కట్టినప్పుడల్లా ఆ అంకె మారుతుంది, అమ్మేవాళ్లు మాత్రం తమకు కలిసొచ్చిన ఏడాది దగ్గర ఆగిపోతారు. బేరం కుదిరిన రోజు గుర్రం పేజీని తేదీతో సహా సేవ్ చేసుకుని, యజమాని పేరు మీ పేరుకు మారాకే మిగతా డబ్బు ఇవ్వండి.