బండా, గచ్చా, పాలరాయా: సమాధికి ఏది మేలు?

హైదరాబాద్ దాటకుండానే, ఒక్క ఆదివారంలో, మూడు వేల ఏళ్ల సమాధి పద్ధతులు చూసి రావచ్చు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఇనుప యుగం నాటి నిలువురాయి ఉంది. ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీల గుంబజ్‌లు, సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండలో పైగా నవాబుల పాలరాతి సమాధులు, మూసారాంబాగ్ దగ్గర ఫ్రెంచి సేనాని రేమండ్ స్తంభం, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉన్నాయి. ఏది అందమైనదన్నది ఎవరి కంటికి వాళ్లదే. ఇక్కడ తూచేది మూడు సంగతులు: కట్టింది ఎన్నాళ్లు ఆగింది, చెడితే బాగుపడుతుందా, లోపలున్నది ఎవరో పైకి చెబుతుందా.

ముందే చెప్పేస్తే, మా ఓటు గచ్చుకు, అంటే నూరిన సున్నపు పూతకు. అదీ లోపల నల్లరాతి పలక ఉన్న గచ్చుకు. గట్టితనంలో మాత్రం బండను మించింది లేదు కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బండ

తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అని పిలిచేది ఇనుప యుగపు బండరాతి సమాధులనే. క్రీ.పూ. 1000 ప్రాంతం నుంచి క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా కట్టారు. నగరంలో మౌలాలి, హష్మత్‌పేటల దగ్గర ఇలాంటివి బయటపడ్డాయి. పైకి కనిపించేది గుండ్రాళ్ల వలయం, మధ్యలో రాళ్ల కుప్ప. అసలు పనితనమంతా కింద ఉంటుంది. గొయ్యి తవ్వి, అడుగున ఒక పలక పరిచి, నాలుగు వైపులా నాలుగు పలకలు నిలబెట్టి రాతి గూడు కడతారు. నాలుగు మూలలూ పెట్టెలా కలపరు. ఒక్కో పలక కొస పక్క పలకను దాటి ముందుకు వచ్చేలా, పైనుంచి చూస్తే స్వస్తిక్ గుర్తులా పేరుస్తారు. చుట్టూ ఉన్న మట్టి నెట్టినకొద్దీ ఒక పలక ఇంకో పలకకు ఆని బిగుస్తుందే తప్ప లోపలికి పడదు. గూటి మీద కప్పుబండ. కొన్నింటికి ఒక పక్క పలకలో గుండ్రటి రంధ్రం కూడా తొలిచారు.

అంత పలచటి పలకలు ఎలా తీశారని అందరికీ వచ్చే అనుమానం. మన గ్రానైట్ గుట్టలు పైనుంచి పొరలు పొరలుగా విడుస్తాయి. బండ మీద మంట పెట్టి కాలిస్తే పై పొర సాగి కింది పొర నుంచి వదులవుతుంది. ఆ తర్వాత మోకులు, గడ్డపారలు చాలు. మొన్నమొన్నటి దాకా వడ్డెర పనివాళ్లు బండ తీసిన తీరు కూడా ఇదే. ఇక బరువు సంగతి: 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పురావస్తు శాఖ తవ్వకాలు చేసినప్పుడు కప్పుబండ తీయడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. కట్టినవాళ్ల దగ్గర మోకులు, దుంగలు, మనుషులే ఉన్నారు.

ఆగడంలో దీనికి నూటికి నూరు మార్కులు. మిగతా రెండింటిలోనే తేలిపోతుంది. రాత లేని కాలం కనుక పేరు లేదు. నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, బల్లేలు దొరుకుతాయి గానీ ఎముకలు చాలాచోట్ల పొడిపొడిగానే మిగులుతాయి. గ్రానైట్ చివికి తయారైన నేలలో సున్నం తక్కువ, అందుకే ఎముక నిలవదు. పైగా చాలా గూళ్లలో శవాన్ని నేరుగా పెట్టలేదు. వేరేచోట ఉంచి, తర్వాత ఏరి తెచ్చిన ఎముకలనే పెట్టారు. ఒకే గూట్లో ఇద్దరు ముగ్గురివి కలిసి ఉండడమూ ఉంది.

ఇక ప్రమాదం పైనుంచే. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు, ట్రాక్టర్ దున్నకం, క్వారీ, అన్నిటికన్నా ప్లాట్ల వెంచర్. వలయంలో నాలుగు గుండ్లు కదిలాయంటే అక్కడ సమాధి ఉందని చెప్పే గుర్తే పోయినట్టు, ఇక పొక్లెయిన్‌కు అడ్డు ఉండదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున మనిషికి రెండింతల నిలువురాళ్లు నేటికీ నిలబడి ఉన్నాయంటే, ఊరివాళ్లు వాటిని దేవుళ్లుగా మొక్కడం పెద్ద కారణం. 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కింది.

గచ్చు

గచ్చు చూడాలంటే ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీల గుంబజ్‌లకు వెళ్లాలి, ఆటోవాళ్లు సెవెన్ టూంబ్స్ అనే చోటు. ఏడే కాదు. సమాధులు, మసీదులు, బావులు, స్నానశాల కలిపి వందకు దగ్గరగా కట్టడాలున్నాయి. 1543లో చనిపోయిన సుల్తాన్ కులీ నుంచి 1672లో పోయిన అబ్దుల్లా దాకా రాజులు ఇక్కడే ఉన్నారు. చాలామంది బతికుండగానే తమ గుంబజ్ తామే కట్టించుకున్నారు. అలాగని అది దక్కుతుందన్న హామీ లేదు. చివరి సుల్తాన్ తానాషా ఔరంగజేబు ఖైదులో పోయి, ఖుల్దాబాద్‌లో మట్టిలో కలిశాడు.

చాలామంది చూడకుండా వెళ్లిపోయేది స్నానశాల. శవాన్ని కడిగే పన్నెండు కోణాల అరుగు, చన్నీళ్లకూ వేన్నీళ్లకూ మట్టి గొట్టాలు, తొట్లు. కోట నుంచి బంజారా దర్వాజా గుండా వచ్చిన శవం ముందు ఇక్కడ ఆగేది. గుంబజ్ లోపల కనిపించే నల్లరాతి సమాధి అసలైనది కాదనీ గుర్తుంచుకోవాలి. అసలు గోరీ సరిగ్గా దాని కింద, నేలమాళిగలో ఉంటుంది. పైన ఉన్నది ఆనవాలు మాత్రమే. మహమ్మద్ కులీ గుంబజ్ దగ్గర ఈ రెండంతస్తుల లెక్క బాగా తెలుస్తుంది.

ఇక కట్టుబడి. గోడలు గ్రానైట్, సున్నం. పైన పూత, పూలు, మొగ్గలు, పిట్టగోడ నగిషీ అంతా గచ్చు. దాని తయారీ ఓపిక పని. రాతి సున్నాన్ని నీళ్లలో తడిపి వారాల తరబడి నాననివ్వాలి. తొందరపడితే తడవని పలుకులు మిగిలి, గోడ ఎక్కాక ఉబ్బి బొబ్బల్లా పగులుతాయి. నానిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు మూడు పాళ్లు, కొంత ఇటుక పొడి కలిపి గానుగలో నూరతారు. బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, కరక్కాయ కషాయం కలుపుతారు. బెల్లం వల్ల తక్కువ నీళ్లతోనే ముద్ద మెత్తగా సాగుతుంది, నీళ్లు తగ్గితే పగుళ్లూ తగ్గుతాయి. ఎక్కువేస్తే మాత్రం గట్టిపడడం ఆలస్యమవుతుంది.

ఒక్కో పూత వేలి మందం మించకూడదు. పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వాలి, తడి గోనెలు కప్పి ఉంచాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వేసిన పూత పైన మాత్రమే ఆరి, లోపల పొడి పొడిగా మిగులుతుంది. చివరి పూత మీద నున్నటి రాయితో గంటల తరబడి రుద్దితేనే ఆ మెరుపు వస్తుంది. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని. ఆ పని ఏళ్ల తరబడి సాగుతుంది. సన్నటి పగులు వస్తే వాననీటికి కరిగిన సున్నం అక్కడికే చేరి మళ్లీ గట్టిపడి పూడ్చేస్తుంది కూడా.

దీన్ని చెడగొట్టింది కాలం కన్నా సిమెంటు. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో ఈ కట్టడాలకు సిమెంటు పూత వేశారు. సున్నం గోడలోకి నేల నుంచి తడి ఎక్కుతుంది, గోడ దాన్ని బయటికి ఆవిరిగా వదులుతుంది. పైన సిమెంటు మూత పడితే ఆ తడికి దారి లేదు. దాంతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఉబ్బి, పాత గచ్చునూ రాతి పొరనూ కలుపుకుని పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. 2013లో ఆగాఖాన్ ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మొదలుపెట్టి దశాబ్దం పైగా చేసిన పనిలో పెద్ద భాగం ఈ సిమెంటును ఊడగొట్టి మళ్లీ సున్నం వేయడమే. 2013 వానలకు కూలిన, ఆ ఆవరణలోని బడీ బావిని కూడా పాత పద్ధతిలోనే నిలబెట్టారు. గచ్చు గొప్పతనం ఇక్కడే ఉంది: నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా అదే సరుకు, అదే పని చేతిలో ఉంటే కొత్తది పాతదానికి అతుకుతుంది. విరిగిన కప్పుబండను అతికించే మేస్త్రీ ఎవరూ లేరు.

పేరు చెప్పే పని నల్లరాయిది. బయట గోడకు గ్రానైట్ వాడినవాళ్లే లోపల సమాధికి బసాల్ట్ ఎందుకు తెచ్చారో దగ్గరికెళ్లి చూస్తే అర్థమవుతుంది. గ్రానైట్‌లో కందిగింజంత పలుకులు ఉంటాయి. ఒకటి గట్టి, ఒకటి మెత్తన, సన్నటి అక్షరం చెక్కితే అంచు విరుగుతుంది. బసాల్ట్ పలుకు కంటికి ఆనదు. అందుకే మహమ్మద్ కులీ సమాధి మీద ఉబ్బెత్తుగా చెక్కిన ఖురాన్ వాక్యాల అంచులు 1612 నుంచి ఈ రోజుకీ వేలికి పదునుగా తగిలేలా ఉన్నాయి. తాకనివ్వరు, టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. దీనికి ఒకే చిక్కు, నీడ కావాలి. గుంబజ్ పైన ఉంది కాబట్టే ఆ పదును నిలిచింది.

పాలరాయి

పైగాలు నిజాముల దగ్గర రెండో స్థానంలో ఉన్న జాగీర్దారులు. పిసల్‌బండలో పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలైన వాళ్ల ఖబర్‌స్తాన్‌లో ఇప్పుడు చూసే సొగసు ఎక్కువగా పందొమ్మిదో శతాబ్దపుది. గుంబజ్ లేదు. ఎత్తైన అరుగు, చుట్టూ జల్లెడలా తొలిచిన జాలీ గోడలు (వాటిలో గచ్చు పనీ ఉంది), పైన ఆకాశం. సమాధి మీద కప్పు వేయకపోవడం అణకువకు గుర్తు. ఔరంగజేబు గోరీ కూడా పైకప్పు లేనిదే.

చూడ్డానికి ఊళ్లో దీనికి సాటి లేదని ఒప్పుకోవాలి. ఒక జాలీ నమూనా ఇంకోదానికి కలవదు. కానీ కప్పు లేకపోవడమే పాలరాయికి శత్రువు. పాలరాయి కూడా సున్నపు రాయే, పులుపు తగిలితే కరుగుతుంది. వాహనాల పొగలోని గంధకం వానలో కలిసి పడితే పై పొర జిప్సంగా మారి నల్లబడుతుంది, తర్వాత రాలుతుంది. దీపాల నూనె, అగరొత్తుల మసి, పూల రంగు రాతిలోకి ఇంకి మరకలవుతాయి. ఆ మరక పోవాలని బాత్రూం ఆసిడ్ పోయడమంత పాపం ఇంకోటి లేదు. మరకతోపాటు మెరుగూ పోయి, గరుకుదేలిన రాయి మరింత మురికి పట్టుకుంటుంది. పలకల మధ్య ఇనుప కొక్కేలు పెట్టి ఉంటే తుప్పుతో ఉబ్బి మూలలు పగలగొడతాయి. పాలరాతి జాలీ ఒకచోట విరిగితే ముక్క అతికించడం కష్టం, చాలాసార్లు పలక మొత్తం మళ్లీ చెక్కాలి. ఆ ఖర్చు ఏ తరం భరిస్తుందన్నదే సమస్య. జాగీర్లు 1949లో పోయాయి, సమాధులు ఉండిపోయాయి.

రేమండ్ స్తంభం గురించి రెండు మాటలు చాలు. 1798లో చనిపోయాడు. దాదాపు 23 అడుగుల స్తంభం మీద పేరు బదులు జె, ఆర్ అనే రెండు పొడి అక్షరాలే. ఆ స్తంభానికి ఏమీ కాలేదు. పక్కనున్న కంబాల మంటపం మాత్రం 2001 వానకు కూలితే మళ్లీ కట్టారు.

మమ్మీ

ఇది సమాధి కాదు, దేహాన్నే నిలబెట్టే పద్ధతి. పేగులు తీసి, నేట్రాన్ అనే ఉప్పులో నలభై రోజులు ఆరబెట్టి, జిగురు పూసి, నార బట్ట చుట్టడం. మొత్తం డెబ్బై రోజుల పని. మన మ్యూజియంలోని యువతి దేహాన్ని నజీర్ నవాజ్ జంగ్ కొని తెస్తే, ఏడో నిజాం చేతి మీదుగా మ్యూజియంకు చేరింది. అయితే ఈ పద్ధతిలో సగం పని ఎడారి గాలి చేస్తుంది. మన వానాకాలపు తేమలో దశాబ్దాలు గడిచేసరికి చుట్టిన బట్ట చిరిగి, దేహం పాడవడం మొదలైంది. 2016లో ఎక్స్‌రే, స్కాన్ తీసి, ఆక్సిజన్ చొరబడని నైట్రోజన్ పెట్టెలో పెట్టాల్సి వచ్చింది. ప్రత్యేకమైన పెట్టె, మనిషి కాపలా లేకుండా ఆగని పద్ధతిని ఈ ఊరికి మేలైనదని చెప్పలేం.

ఇప్పుడు కట్టించేవాళ్లకు

గుంబజ్ ఎవరూ కట్టరు. ఖననం చేసే ఇళ్లలో, క్రైస్తవులు గానీ ముస్లింలు గానీ లింగాయతులు గానీ, అడిగేది ఏ రాయి వేయించాలనే. రాయి కన్నా ముందు మట్టి గురించి ఆలోచించాలి. పూడ్చిన గొయ్యి కనీసం ఒక వానాకాలం గడిచేదాకా కుంగుతూనే ఉంటుంది. నలభయ్యో రోజుకే టైల్స్ వేయించినవాళ్లకు ఏడాది తిరిగేలోపు మధ్యలో అడ్డంగా పగులు కనిపించేది ఇందుకే. తొందరుంటే ప్రస్తుతానికి గుర్తు రాయి ఒక్కటి పాతించండి, కట్టుబడి వచ్చే ఏడాది. కట్టేటప్పుడు పునాది గొయ్యికి బయట, కదలని నేల మీద పడాలి.

ఎండావానల్లో ఉండే రాతికి పాలరాయి వద్దు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయి పలుకు సన్నం, పులుపుకు లొంగదు, అక్షరం నిలుస్తుంది. అక్షరాలు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు చెక్కించండి. లేజర్‌తో గీసింది, పైన పెయింట్ వేసింది కొన్నేళ్లకే వెలుస్తాయి. రాయి కింద పీఠం ఇటుకతో కడితే పూత సున్నంతో వేయమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. సిమెంటు కొంచెం కలిపితే బలమంటాడు, ఒప్పుకోవద్దు.

ఏటా వానలకు ముందు ఒకసారి సందులు చూసుకోవాలి. పిట్టలు వేసిన విత్తనంతో మొలిచిన రావి, మర్రి మొక్కలు గుంబజ్‌లనే చీల్చాయి. చిటికెన వేలంత ఉన్నప్పుడైతే వేరుతో సహా వస్తుంది. అంతకు మించి పెరిగిందాన్ని లాగితే రాయి కూడా కదులుతుంది, కాబట్టి మొదలంటా కోసి, కోసినచోట మొక్కల్ని చంపే మందు పూసి, వేరు ఎండాక సందును సున్నంతో పూడ్చాలి.