పగడపు దీవుల్లో సోడియం అయొడైడ్ స్పెక్ట్రోమీటర్: ఎంతవరకు నమ్మొచ్చు?

పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో 1946–58 మధ్య అమెరికా 67 అణుపరీక్షలు జరిపింది. అక్కడి బికినీ, రోంగెలాప్ దీవుల నేలల్లో గామా కిరణాలకు నేటికీ ప్రధాన మూలం ఆ పేలుళ్లు వదిలిన రేడియోధార్మిక పదార్థం సీసియం-137. దాన్ని పట్టడానికి 2×2 అంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికం ఉన్న చేతి స్పెక్ట్రోమీటర్ (గామా కిరణాలను వాటి శక్తిని బట్టి విడదీసి లెక్కించే పరికరం) చాలు. పగడపు నేలలో సహజంగా వచ్చే గామా కిరణాలు చాలా తక్కువ కాబట్టి పరికరం గీసే గ్రాఫులో 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సీసియం శిఖరం శుభ్రంగా కనిపిస్తుంది. గ్రానైట్ నేల మీద ఇంత సుఖం ఉండదు.

ట్రైపాడ్ మీద, నేలకు 1 మీటరు ఎత్తున పెట్టి కొలవాలి. సీసియం లోతుకు దిగినచోట రీడింగ్ తగ్గుతుంది. పైన తక్కువ చూపిందని నేల శుభ్రమనుకోవద్దు. మట్టిని పొరలుగా తీసి ల్యాబ్‌లో సరిచూడాల్సిందే.

అసలు తలనొప్పి ఎండ. వేడెక్కేకొద్దీ శిఖరం పక్కకు జరుగుతుంది. పొటాషియం క్లోరైడ్ పొట్లం దగ్గర పెట్టి, 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వచ్చే పొటాషియం శిఖరంతో మధ్యమధ్య సరిదిద్దుకోవాలి. ఏసీ గదిలోంచి నేరుగా ఎండలోకి తెస్తే స్ఫటికం పగలొచ్చు. సీలు ఊడితే తేమ పీల్చి పసుపెక్కుతుంది, ఇక అంతే.

లాంథనం బ్రోమైడ్ స్ఫటికం ఉన్న రకం శిఖరాలను ఇంకా బాగా విడదీస్తుంది. కానీ దాని సొంత రేడియోధార్మికత సరిగ్గా ఆ 1461 పక్కనే వస్తుంది. ఈ పనికి అంత ఖరీదు దండగ.

స్ట్రాన్షియం-90, ప్లుటోనియం కోసమైతే ఇది కొనకండి. వాటికి రసాయన విశ్లేషణే దారి.