పాత యంత్రాలకు చిన్న పీఎల్‌సీ: రాయగడలో కొన్నేళ్లు నడిపి చూశాక

ఒడిశాలోని రాయగడలో మా వర్క్‌షాపుకు వచ్చే పాత యంత్రాల్లో చాలావాటికి ఇనుములో లోపం ఉండదు. చట్రం, సిలిండరు, గైడ్లు గట్టిగానే ఉంటాయి. ప్యానెల్ తలుపు తీస్తే మాత్రం రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) కాంటాక్టులు నల్లబడి, తీగల మీద నంబర్లు చెరిగిపోయి కనిపిస్తాయి, వైరింగు డ్రాయింగు ఎవరి దగ్గరా ఉండదు. అలాంటి ఒక హైడ్రాలిక్ ప్రెస్సుకూ, సికింద్రాబాదు ప్రాగా టూల్స్‌లో తయారైన ఒక సర్ఫేస్ గ్రైండరుకూ రిలే ప్యానెల్ తొలగించి డెల్టా కంపెనీ డీవీపీ-14ఎస్ఎస్2 పీఎల్‌సీ (రిలేల పనిని ప్రోగ్రాంతో చేసే చిన్న కంట్రోలరు) అమర్చి కొన్నేళ్లుగా నడుపుతున్నాను. తక్కువ ఖర్చులో కంట్రోలరు ఎంచుకోవాలనుకునేవారికి ఈ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ఇందులో ఎనిమిది ఇన్‌పుట్లు, ఆరు అవుట్‌పుట్లు ఉంటాయి. 24 వోల్టుల డీసీతో నడుస్తుంది. కంప్యూటరుతో, ఇతర పరికరాలతో కలిపే ఆర్ఎస్-232, ఆర్ఎస్-485 పోర్టులు రెండూ ఉన్నాయి, ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేరుకు విడిగా డబ్బు కట్టనక్కరలేదు. అయితే నేను దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం దాని ప్రోగ్రాం రాసే ల్యాడర్ భాష, అంటే నిచ్చెన మెట్లలా గీసే బొమ్మల భాష. 1969 నాటి తొలి మోడికాన్ పీఎల్‌సీ కార్ల కర్మాగారంలోని రిలే ప్యానెళ్ల స్థానంలో పెట్టడానికే పుట్టింది కాబట్టి ల్యాడర్ కూడా రిలే డ్రాయింగులాగే కనిపిస్తుంది. గుణుపురం నుంచి వచ్చే ఎలక్ట్రీషియన్ కంప్యూటరు ఎన్నడూ నేర్చుకోకపోయినా, ప్రింటు తీసి చేతిలో పెడితే ఏ కాంటాక్టు మూసుకోక వాల్వు ఆగిందో వేలు పెట్టి చూపిస్తాడు.

మైక్రోకంట్రోలరు బోర్డులు ఇంతకంటే ఎంతో చవక అన్నది నిజమే. కానీ ఆర్డుయినో ఊనో వంటి బోర్డు పిన్ను 5 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, 40 మిల్లీయాంపులు దాని గరిష్ఠ పరిమితి. దానికి ఆప్టోకప్లర్లు (సిగ్నల్‌ను కాంతి ద్వారా దాటించి బోర్డును కాపాడేవి), రిలే డ్రైవర్లు, ఫిల్టర్లు, మంచి టెర్మినళ్లు చేర్చేసరికి మిగిలిందనుకున్న డబ్బు మిగలదు. పైగా ఆ ప్రోగ్రాం రాసిన మనిషి ఊళ్లో లేని రోజున యంత్రం ఆగితే దాన్ని తెరిచి చూడగలిగేవారు ఉండరు. నేను అలాంటి బోర్డును ఉత్పత్తి లెక్క చూపడానికి వాడతాను, యంత్రాన్ని కదిలించే పనికి వాడను. పేరున్న కంపెనీల సాఫ్ట్‌వేరుతోనే ప్రోగ్రాం అవుతామని చెప్పుకునే పెట్టె లేని బోర్డు పీఎల్‌సీలను కన్వేయరు లాంటి సులువైన చోట తప్ప నమ్మను; ఒకదాని అవుట్‌పుట్ వానాకాలంలో పోయింది, బాగుచేయడానికి సర్క్యూటు కాగితమైనా దొరకలేదు. రెండు మూడు అక్షాలు కలిసి కదలాల్సిన మిల్లింగు యంత్రానికి దారి వేరు, అక్కడ కంప్యూటరు మీద నడిచే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేరు చూడాలి.

కంట్రోలరు కంటే ఎక్కువ విసిగించేవి పాత లిమిట్ స్విచ్‌లు, అంటే కదిలే భాగం హద్దుకు రాగానే నొక్కుకునే స్విచ్‌లు. ప్రెస్సు ర్యామ్ (కిందికి దిగి ఒత్తే భాగం) కింది హద్దుకు వచ్చి స్విచ్ మీట నొక్కుకున్నా, పీఎల్‌సీ మీద ఆ ఇన్‌పుట్ దీపం ఒక్కోసారి వెలిగేది కాదు. మీటను వేలితో కాస్త కదిపితే వెలిగేది. మల్టీమీటరుకు మాత్రం స్విచ్ బాగానే ఉన్నట్టు కనిపించేది. 110 వోల్టుల ఏసీ మీద కాయిల్ కరెంటు మోసిన రోజుల్లో కాంటాక్టు మీది పొర ప్రతిసారీ చిన్న నిప్పురవ్వతో కాలిపోయేది. ఇప్పుడు పీఎల్‌సీ ఇన్‌పుట్ తీసుకునే 24 వోల్టుల్లో ఐదారు మిల్లీయాంపుల కరెంటుకు ఆ శక్తి లేదు. అందుకని హద్దుల దగ్గర, తాకకుండానే లోహాన్ని పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్లు పెట్టాను. ఈ పీఎల్‌సీలో ఇన్‌పుట్లన్నిటికీ ఉమ్మడిదైన ఎస్/ఎస్ టెర్మినల్ వైరింగును బట్టి ఎన్‌పీఎన్ (మైనస్‌ను కలిపేవి), పీఎన్‌పీ (ప్లస్‌ను కలిపేవి) రెండు రకాల సెన్సర్లూ పనిచేస్తాయి, అయితే ఒకే యంత్రం మీద రెండింటినీ కలపకూడదు.

అవుట్‌పుట్ వైపు వాల్వు కాయిల్‌ను నేరుగా పీఎల్‌సీకి కలపడం నాకు సమ్మతం కాదు. మధ్యలో బేస్ మీద ఊడదీసి పెట్టగల రిలే ఉంటే కాంటాక్టు అరిగిన రోజున ఆ రిలే ఒక్కటే మారుతుంది. డీసీ కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు, ఏసీ కాయిల్‌కు 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్‌లతో స్నబ్బరు తప్పక వేయాలి; కాయిల్ ఆగినప్పుడు ఎగిసే వోల్టేజీని ఇవి అణుస్తాయి.

మా వైపు సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది, ఇక్కడే పాత ప్యానెల్‌కూ కొత్తదానికీ పెద్ద తేడా ఉంది. ప్రమాణాల ప్రకారం కాంటాక్టరు (పంపు మోటారుకు కరెంటు కలిపే పెద్ద రిలే) కాయిల్ 85 శాతం వోల్టేజీ దగ్గర, అంటే 230కి సుమారు 195 వోల్టుల దగ్గర, పట్టుకుంటే చాలు; అంతకంటే బాగా దిగితే వదిలేస్తుంది. వోల్టేజీ పడగానే పాత ప్యానెల్‌లో హోల్డింగు (స్టార్టు బటన్ వదిలాక కాంటాక్టరును పట్టి ఉంచే లైను) తెగిపోయి యంత్రం మొత్తం ఆగేది, మళ్లీ స్టార్టు నొక్కితేనే కదిలేది. ఇప్పుడు పీఎల్‌సీకి 24 వోల్టులు ఇచ్చే ఎస్ఎంపీఎస్ సరఫరా 90 వోల్టులకు దిగినా తట్టుకుంటుంది కాబట్టి పీఎల్‌సీ మెలకువగానే ఉంటుంది, పంపు ఇంకా తిరుగుతోందనే అనుకుంటుంది. వోల్టేజీ తిరిగి రాగానే కాంటాక్టరు దానంతటదే పట్టుకుంటుంది. చేతులు పెట్టే ప్రెస్సు విషయంలో ఇది చాలా ప్రమాదకరం. అందువల్ల కాంటాక్టరుతో పాటే మూసుకుని తెరుచుకునే దాని సహాయక కాంటాక్టును ఎనిమిదో ఇన్‌పుట్‌గా తెచ్చి, అది తెరుచుకుంటే ప్రోగ్రాం మొత్తం మొదటికి వచ్చేలా రాశాను. దాంతో ఇన్‌పుట్లన్నీ నిండిపోయాయి. ఇంకొకటి కావాలంటే పక్కన విస్తరణ మాడ్యూలు కొనక తప్పదు. కొనేముందు ఇన్‌పుట్లు లెక్కవేసేవారు ఈ ఒక్కదాన్నీ కలుపుకోవాలి.

రెండు చేతుల బటన్లను, ఎమర్జెన్సీ స్టాప్‌ను సాధారణ పీఎల్‌సీకి అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం. వాటికి సేఫ్టీ రిలే (తనలో లోపం వచ్చినా యంత్రాన్ని ఆపేలా చేసిన రిలే) విడిగా ఉండాలి. స్టాప్ నొక్కగానే పంపు కాంటాక్టరుకూ, ర్యామ్‌ను దించే వాల్వుకూ వెళ్లే సరఫరా తీగలోనే తెగాలి, ప్రోగ్రాం అనుమతి కోసం ఆగకూడదు. సేఫ్టీ రిలే ధర చూసి వెనకాడే యజమానులతో నేను ప్రెస్సు పని ఒప్పుకోవడం మానేశాను.

గ్రైండరు సంగతి తేలికగా తేలింది. బల్ల అటూ ఇటూ తిరిగే హద్దుల దగ్గర కూలెంట్ నీళ్లు చిమ్ముతాయి కాబట్టి నీళ్లు, దుమ్ము చొరని ఐపీ67 సెన్సర్లు పెట్టాను, అప్పటినుంచి దాని ప్యానెల్ తెరిచింది దుమ్ము దులపడానికే. రెండు ప్యానెళ్ల తలుపులకూ లోపల ల్యాడర్ ప్రింటు, తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన ఇన్‌పుట్, అవుట్‌పుట్ల పట్టిక ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. సామాను విశాఖపట్నం నుంచి రావాలి కాబట్టి ప్రోగ్రాం ఎక్కించిన పీఎల్‌సీ ఒకటి, ఎస్ఎంపీఎస్ ఒకటి, కొన్ని రిలేలు బీరువాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాను.