ఆవు తనంతట తాను వచ్చిన చోటు

పశువుల మధ్య, చెట్ల మధ్య గడిపి మనసు కుదుటపరచుకునే ఫామ్ థెరపీ అంటూ నడిచే రెండు చోట్లకు ఈ మధ్య వెళ్లొచ్చాను. రెండింట్లోనూ ఆవులు, గుర్రాలు, చెట్ల మధ్య నడక ఉన్నాయి. మనసు తెరిపిన పడింది మాత్రం రెండోచోటే.

మొదటిచోట గదులకు వంక పెట్టలేం. పశువుల దగ్గరే చిక్కంతా. ఆవును గుంజకు పొట్టి పలుపుతో కట్టేసి, వరసగా ఒక్కొక్కరినీ హత్తుకోమన్నారు. పాపం అది తోక విసురుతూ, తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. చూస్తుంటే నాకే టెన్షన్ పట్టుకుంది. పైగా చేతులకు శానిటైజర్ తప్ప సబ్బు లేదు. పశువుల నుంచి సోకి విరేచనాలు తెప్పించే క్రిప్టోస్పోరిడియం లాంటి క్రిములు శానిటైజర్‌కు చావవు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

రెండోచోట వెళ్లగానే అలర్జీలు, ఆస్తమా, ఒంటిమీద గాయాల గురించి అడిగారు. ఈనే పశువుల నుంచి సోకి కడుపులో బిడ్డకు ముప్పు తెచ్చే క్యూ ఫీవర్ భయం ఉంటుందని గర్భిణులను ఈనే మేకలు, గొర్రెల దగ్గరికి పోనివ్వరు. ఆవులన్నీ పచ్చికలో విడిగానే తిరుగుతున్నాయి. "కూర్చోండి, దానికి రావాలనిపిస్తే వస్తుంది" అన్నారు. చాలాసేపు ఏదీ రాలేదు. తర్వాత ఒకటి వచ్చి పక్కనే పడుకుంది. గంగడోలు గోకితే మెడ సాచి, చెవులు వాల్చేసి, కళ్లు అరమోడ్చింది. ఆవు ఒంటి వేడి దాదాపు 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మనకన్నా ఎక్కువే. ఆనుకుంటే ఎంత వెచ్చగా ఉందో! గొంతులోంచి ముద్ద పైకి రావడం, దవడ అడ్డంగా ఆడటం, మింగి కాస్త ఆగడం, మళ్లీ ఇంకో ముద్ద. అది చూస్తూ చూస్తూ నా ఊపిరి కూడా నెమ్మదించింది. కాసేపటికి లేచి వెళ్లిపోయింది, ఎవరూ ఆపలేదు. ఈ పద్ధతే నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఇక్కడ గుర్రమెక్కడం ఉండదు, పక్కన నడవడమే. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది గానీ సరిగ్గా వెనక ఏముందో కనిపించదు. అందుకే భుజం వైపు నుంచి వెళ్లమన్నారు. ఆ నడకలో ఒక సైకాలజిస్ట్ కూడా తోడుంటారు. 1960లలో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్ట్, తన కుక్క గదిలో ఉంటే నోరు విప్పని పిల్లలు కూడా దగ్గరవుతున్నారని గమనించి, జంతువుల తోడుతో చేసే థెరపీకి దారి చూపారు. నిపుణులెవరూ లేకుండా నిమరడం హాయిగానే ఉంటుంది, కానీ దాన్ని థెరపీ అనకూడదు. జబ్బు పూర్తిగా నయం చేస్తామనేవాళ్లను నమ్మి మందులు మానేయొద్దు.

ఈ రెండోచోట బస సాదాసీదా, బాత్రూమ్ అందరికీ కలిపి ఒకటే. కిటికీ తెరిస్తే మాత్రం అన్నీ చెట్లే. ఆపరేషన్ తర్వాత చెట్లు కనిపించే గదుల్లో ఉన్న రోగులు, ఇటుక గోడ కనిపించే గదుల్లోవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారని రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో రాశారు. మొదటిచోట నా కిటికీకి ఎదురుగా పార్కింగ్ ఉండేది.

బుక్ చేసేముందు పశువులకు రోజూ విశ్రాంతి ఎంతసేపో ఫోన్ చేసి అడగండి. చెప్పులు వద్దు, గట్టి బూట్లు వేసుకెళ్లండి. గుర్రం కాలు మీద కాలేస్తే మామూలుగా ఉండదు.